అటు పంపాలా, రెండు దిక్కులా చేయాలా? సమీకరణం సాధించడానికి ఏది మేలు

"ప్లస్ అటు పోతే మైనస్ అయితది, గుణకారం అటు పోతే భాగహారం అయితది." నల్లగొండ, మహబూబ్‌నగర్ దిక్కు ఏ బడిలోనైనా లెక్కల పీరియడ్‌లో వినిపించే మాటే ఇది. పుస్తకంలో దీని పేరు పక్షాంతరం. ఇంకో దారి, సమానం గుర్తుకు రెండు వైపులా ఒకే పని చేసుకుంటూ పోవడం. నా ఉద్దేశం ముందే చెప్తాను: ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు మొదట రెండోదే నేర్పాలి.

ఒక రైతు మిర్యాలగూడ మిల్లుకు వడ్లు తీసుకెళ్లాడనుకుందాం. ట్రాక్టర్ కిరాయి 1500 రూపాయలు, హమాలీ బస్తాకు 30, మొత్తం ఖర్చు 4500. బస్తాలెన్ని? వాటి సంఖ్యను 'బ' అనుకుంటే 30బ + 1500 = 4500.

పక్షాంతరంతో 30బ = 4500 − 1500 = 3000, బ = 3000 ÷ 30 = 100. రెండు వరుసల్లో అయిపోయింది. రెండో పద్ధతిలో రెండు వైపుల నుంచీ 1500 తీసేసి, తర్వాత రెండు వైపులనూ 30తో భాగించాలి. జవాబు అదే, రాత ఎక్కువ.

వేగమే చూస్తే పక్షాంతరానిదే పైచేయి. అసలు తేడా పిల్లవాడు తప్పు చేసినప్పుడు బయటపడుతుంది. 5క = 20 ఇస్తే, 5ను అటు పంపి గుర్తు మార్చాలని గుర్తుంచుకుని క = 20 − 5 అని రాస్తారు. కొందరు భాగిస్తారు గానీ గుర్తు కూడా మార్చేసి −4 తెస్తారు. 7 − క = 3 అయితే మరీ చిక్కు. 7ను అటు పంపాక −క = −4 వస్తుంది, ఎడమవైపు మైనస్‌ను వదిలేసి క = −4 అని ముగిస్తారు. అదే పిల్లవాడితో "రెండు దిక్కులా క కలుపు బిడ్డా" అనండి. 7 = 3 + క అవుతుంది. రెండు దిక్కులా 3 తీసేస్తే క = 4. గుర్తుల గొడవే లేదు.

నిజానికి 1500 ఎక్కడికీ పోలేదు. తరాజులో ఒక పళ్లెం నుంచి ఎంత తీస్తే రెండో దాని నుంచీ అంతే తీయాలి, లేకుంటే ముల్లు ఒరుగుతుంది. ఇది తెలిసిన పిల్లవాడు ముందు 30తో భాగించినా తడబడడు, 1500ను కూడా భాగించి బ + 50 = 150 అని రాస్తాడు. తెలియనివాడు బ + 1500 = 150 అంటాడు.

అంకెలు వేసి చూసే యత్నదోష పద్ధతి చిన్న సంఖ్యలకు, సమీకరణం అంటే ఏమిటో పరిచయం చేయడానికి సరిపోతుంది. అంతకు మించి దాని మీద ఆధారపడొద్దు.

సూత్రాల దగ్గర రెండు వైపులా చేసే అలవాటు మరింత పనికొస్తుంది. వడ్డీ = అసలు × కాలం × రేటు ÷ 100. రేటు కావాలంటే రెండు వైపులనూ 100తో గుణించి, అసలు × కాలంతో భాగించాలి. 50,000 అప్పుకు రెండేళ్లలో 24,000 వడ్డీ కట్టారంటే, 24,000 × 100 ÷ (50,000 × 2) = 24 శాతం. మన ఊళ్లలో రెండు రూపాయల వడ్డీ అనేది ఇదే, నెలకు నూటికి 2. ఒక్క అప్పు లెక్కే అయితే ముందే అంకెలు వేసేసుకోవచ్చు. నాలుగైదు అప్పుల రేట్లు పోల్చాలంటే మాత్రం సూత్రాన్ని ముందే తిప్పి పెట్టుకోవాలి, ప్రతిసారీ సాధించే పని తప్పుతుంది.

పాలిసెట్ లాంటి పరీక్షలో గడియారం తరుముతుంటుంది, అక్కడ పక్షాంతరమే వాడాలి. 7 − క = 3ను తప్పు లేకుండా చేసి, ప్రతి మెట్టుకూ కారణం చెప్పగలిగిన రోజు నుంచి పిల్లవాడిని దానికి మళ్లించవచ్చు. ఏ దారిన వచ్చినా జవాబును మొదటి సమీకరణంలో పెట్టి చూడమనండి: 30 × 100 + 1500 = 4500.