ఒపినెలా, విక్టోరినాక్సా? జేబులో చాకు ఏది ఉండాలి

పిడికెడంత దోర జామకాయ ఒకటి తీసుకోండి. పక్కన రెండు మడత చాకులు పెట్టుకోండి. మొదటిది ఎర్రటి డొప్పల స్విట్జర్లాండు చాకు, విక్టోరినాక్స్ స్పార్టన్, మూసినప్పుడు 91 మిల్లీమీటర్ల పొడవు. రెండోది బీచ్ అనే చెట్టు చెక్కతో పిడి చేసిన ఫ్రెంచి చాకు, ఒపినెల్ 8వ నంబరు, దాని అలుగు, అంటే కోసే పలక, ఎనిమిదిన్నర సెంటీమీటర్లు. స్విస్ చాకు కాయలోకి బాగానే దిగుతుంది కానీ, అలుగు పొట్టి కనుక కాయను తిప్పి రెండో వైపు నుంచి మళ్లీ కోయాలి. ఒపినెల్ ఒక్క లాగుకు గింజల మీదుగా దిగి పళ్లెం తాకుతుంది. దాని గుండ్రటి పిడి అరచేతిలో నిండుగా కూర్చుంటుంది. పది కాయలు కోసినా వేళ్లకు ఒత్తుడు ఉండదు.

ఇప్పుడు ప్రెషర్ కుక్కర్ పిడి మర వదులైందనుకోండి. ఒపినెల్ చేతులెత్తేస్తుంది. స్పార్టన్‌లో చిన్న డబ్బా మూత తీసే పనిముట్టు ఉంది కదా, దాని మొనతో తల మీద ప్లస్ గుర్తు గాడి ఉన్న మరను కూడా తిప్పవచ్చు. ఈ సంగతి తెలియక ఏళ్ల తరబడి ఆ చాకు వాడేవారు చాలామంది ఉన్నారు. విడిగా అమ్మే బుల్లి స్క్రూడ్రైవర్‌ను కార్క్ తీసే మెలికలోకి తిప్పి దాచుకుంటే కళ్లజోడు మరలకూ అదే దిక్కు.

లెక్క వేస్తే పన్నెండు పనులు చేసేది ఒకటి, ఒకే ఒక్క పని చేసేది ఇంకొకటి. మరి చాకుల మీద మక్కువ ఉన్నవాళ్లు ఆ ఒక్క పని చేసేదాన్నే ఎందుకు నెత్తిన పెట్టుకుంటారు? ఖరీదైన చాకులు పాతిక పోగేసినవాళ్ల దగ్గర కూడా, ఫ్రాన్సులో ఒక పూట హోటల్ భోజనం ఖరీదుకు వచ్చే ఒపినెల్ ఒకటి తప్పకుండా కనబడుతుంది. అదీ బీరువాలో కాదు, వంటింటి గట్టు మీద.

దీని పుట్టిల్లు ఆల్ప్స్ పర్వతాల్లోని సవోయ్ ప్రాంతం. సెయింట్ జాన్ ద మోరియెన్ దగ్గరి కొండపల్లెలో ఒపినెల్ కుటుంబం గొడ్డళ్లు, కొడవళ్లు, కొమ్మలు నరికే కత్తులు చేసేది. ఆ ఇంటి కుర్రవాడు జోసెఫ్ ఒపినెల్ 1890లో, పద్దెనిమిదేళ్ల వయసులో, రైతు జేబులో పట్టే చాకు ఒకటి తయారుచేశాడు. కుర్రవాడికి యంత్రాలంటే పిచ్చి. చెక్క పిడులను వేగంగా చెక్కే యంత్రాన్నీ తనే కట్టుకున్నాడు. 1897 నాటికి 1 నుంచి 12 వరకు నంబర్లతో పన్నెండు సైజులు వచ్చాయి. తరువాత 1, 11 ఆగిపోయాయి. మరీ బుల్లిదైన 1వ నంబరుతో పెద్ద పని జరగదు. 11 ఏమో 10కీ 12కీ మధ్య ఇరుక్కుని ఎందుకూ కాకుండా పోయింది. అలుగు మీద కిరీటం, దాని కింద ఆశీర్వదించే చెయ్యి ఉంటాయి. కిరీటం సవోయ్ పాలకులది, చెయ్యి సెయింట్ జాన్ ద మోరియెన్ ఊరి చిహ్నంలోది.

చాకు మొత్తం విప్పితే అయిదే ముక్కలు: అలుగు, పిడి, ఇరుసు, పిడికి బిగించిన పొన్ను, దాని మీద తిరిగే రింగు. పొన్ను అంటే రోకలి చివర ఉండేదే, చెక్క చీలిపోకుండా వేసే లోహపు కట్టు. మొదట్లో అంతవరకే ఉండేది, తిరిగే రింగు లేదు. కోస్తుండగా అలుగు ముడుచుకుని వేళ్ల మీదికి వచ్చే ప్రమాదాన్ని తప్పించడానికి జోసెఫ్ కొడుకు మార్సెల్ 1955లో ఆ రింగు పెట్టాడు. దాని పేరు విరోబ్లాక్. రింగును వేలితో కొద్దిగా తిప్పితే అందులోని సందు పక్కకు జరిగి, తెరుచుకున్న అలుగు వెనక్కి మడవకుండా ఆగుతుంది. స్ప్రింగు లేదు, మీట లేదు. 2000లో దీన్ని ఇంకాస్త సవరించి, మూసినప్పుడు కూడా బిగించేలా చేశారు. ఇంత సాదా ఆలోచన ముందు కొత్త చాకుల్లోని లాకులు నాకు కొంచెం ఆర్భాటంగా కనిపిస్తాయి.

విక్టోరినాక్స్ పుట్టుక వేరు. అది సైన్యం అడిగితే వచ్చింది. కార్ల్ ఎల్సెనర్ 1884లో స్విట్జర్లాండులోని ఇబాక్‌లో చాకుల పని మొదలుపెట్టాడు. సైనికుడికి కావలసింది పండు కోసుకునే చాకు మాత్రమే కాదు. కొత్త తుపాకిని విప్పడానికి స్క్రూడ్రైవర్ కావాలి, డబ్బా కూడు తెరవడానికి పనిముట్టు కావాలి. మొదటి సరుకు జర్మనీలోని జోలింగెన్ నుంచి రావడంతో, ఈ పని మన దేశంలోనే జరగాలని ఎల్సెనర్ పట్టుబట్టి 1891లో సైన్యానికి చాకులు అందించాడు. అప్పులపాలై చుట్టాల సాయంతో గట్టెక్కాడు కూడా. అతని అసలు తెలివి తరువాతి చాకులో ఉంది. పిడి వెన్నులోని ఒకే స్ప్రింగుతో రెండు వైపుల పనిముట్లనూ పట్టి ఉంచవచ్చని కనిపెట్టాడు. దాంతో అదే మందంలో రెట్టింపు పనిముట్లు పట్టాయి. సైన్యంలోని అధికారుల కోసం చేసిన ఆ చాకును 1897 జూన్ 12న నమోదు చేయించాడు. తల్లి విక్టోరియా 1909లో పోయాక ఆమె పేరునే సంస్థకు పెట్టాడు. తుప్పు పట్టని ఉక్కుకు ఫ్రెంచిలో ఉన్న పొట్టి పేరు ఇనాక్స్ 1921లో దానికి తోడై విక్టోరినాక్స్ అయింది.

పేరులోనే తుప్పు పట్టనని మాట ఇచ్చిన చాకు అది. ఒపినెల్‌లో రెండు రకాలు దొరుకుతాయి. స్వీడన్ ఉక్కుతో చేసిన స్టెయిన్‌లెస్ ఒకటి, సుమారు 0.9 శాతం కార్బన్ ఉన్న మామూలు ఉక్కుది ఇంకొకటి. అభిమానులు ప్రాణం పెట్టేది ఈ రెండోదాని మీద. పాత ఇనుప కత్తిపీట వాడిన ఇంట్లో దీని గురించి కొత్తగా చెప్పవలసింది లేదు. పచ్చి మామిడికాయ కోసి తుడవకుండా వదిలేస్తే అలుగు మీద బూడిద నీలం మరకలు లేస్తాయి. అరటిపువ్వు వలిస్తే నల్లబడుతుంది. నిమ్మకాయ సంగతి చెప్పనే అక్కరలేదు. మొదటి ముక్కల్లో కాస్త ఇనుము వాసన కూడా వస్తుంది. కొన్ని నెలలు వాడాక అలుగంతా ముదురు బూడిద రంగుకు తిరుగుతుంది. ఆ పొర ఏర్పడ్డాక ఎర్ర తుప్పు అంత తొందరగా పట్టదు. కొందరు ఆ రంగు వచ్చేదాకా ఓపిక పట్టలేక అలుగును వెనిగర్‌లో ముంచుతారు, ఆవపిండి ముద్ద పూస్తారు. నాకైతే అది పెళ్లిచూపులకు జుట్టుకు రంగు వేసుకున్నట్టు ఉంటుంది. మామిడికాయల కాలం ఒకటి గడవనిస్తే దానంతట అదే వస్తుంది.

ఇంత బాధ ఎందుకంటే, పదును కోసం. మామూలు కార్బన్ ఉక్కు రాయి మీద తొందరగా లొంగుతుంది. సానరాయి లేకపోతే పింగాణీ కప్పు బోర్లించి, అడుగున మెరుపు పూత లేని గరుకు అంచు మీద అటు పది, ఇటు పది సార్లు లాగండి. టమాటా తొక్క మీద చాకును ఆనించి, నొక్కకుండా లాగితే దిగిపోవాలి. విక్టోరినాక్స్ ఉక్కు కూడా ఈ కప్పు వైద్యానికి లొంగుతుంది, అందులో దాన్ని తక్కువ చేయలేం. కాకపోతే అది కొంచెం మెత్తని ఉక్కు, పదును త్వరగా మొండిబారుతుంది. స్విస్ చాకుతో వేసవంతా మామిడికాయలు కోసినా అలుగు తళతళలాడుతూనే ఉంటుంది, తుడిచినా తుడవకపోయినా. తుడిచే ఓపిక లేనివారికి ఇది చిన్న సుఖం కాదు.

ఒపినెల్‌కు ఉన్న అసలు తలనొప్పి ఉక్కు కాదు, చెక్క. బీచ్ చెక్క తేమ తాగి ఉబ్బుతుంది. ఉబ్బిన చెక్క అలుగును గాడిలో బిగబట్టేస్తుంది. వానాకాలంలో వీధి తలుపు బిగుసుకుని భుజంతో నెడితే గానీ రాకపోవడం మనకు అలవాటే కదా, ఇదీ అదే జాతి. కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు ఊళ్లలో ఉండేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి. సవోయ్ రైతులకు దీనికో చిట్కా ఉంది. రింగును తెరిచిన స్థానానికి తిప్పి, పిడి మడమను బల్ల అంచుకు టక్కున కొడతారు. ఆ అదురుకు అలుగు బయటికి తొంగిచూస్తుంది, అక్కడ పట్టుకుని లాగుతారు. చూసేవాళ్లకు ఇదొక విద్యలా ఉంటుంది. చాకు ఉన్నవాళ్లకు కూడా అలాగే ఉంటుందని నా అనుమానం, లేకపోతే ఆ కిటుకును కొత్తవాళ్లకు అంత సంబరంగా ఎందుకు చేసి చూపిస్తారు? శాశ్వత మందు కావాలంటే గాడిలోపల గరుకు కాగితంతో కాస్త అరగదీసి, ఇరుసు దగ్గర అవిసె నూనె ఇంకనివ్వాలి. నూనె తాగిన చెక్క నీళ్లు తాగడం తగ్గిస్తుంది.

అభిమానుల గుట్టు నాకు ఇక్కడే దొరికింది. ఒపినెల్ కొన్న రోజున పూర్తి కాదు. గాడి అరగదీయాలి, నూనె పట్టించాలి, అలుగు రంగు తిరగాలి. కొందరు పిడి వార్నిష్ గీకేసి మళ్లీ చెక్కుకుంటారు, కొందరు మడమకు తోలు తాడు కడతారు. చెడగొడతామేమోనన్న భయం లేదు, ఎందుకంటే పోయినా పెద్ద డబ్బు కాదు. అయిదు ముక్కల వస్తువు కనుక ఎక్కడ ఏం జరుగుతోందో కంటికి కనిపిస్తుంది. రెండేళ్ల తరువాత చూస్తే ఒకే రోజు కొన్న రెండు చాకులు ఒకలా ఉండవు. విక్టోరినాక్స్ మాత్రం పెట్టెలోంచి తీసిన నాడే సంపూర్ణం. తెరిచినప్పుడూ మూసినప్పుడూ స్ప్రింగు చప్పుడు పదేళ్లకూ ఒకేలా ఉంటుంది. దాన్ని మెచ్చుకోవచ్చు, నమ్ముకోవచ్చు. దాని మీద మన చెయ్యి మాత్రం పడదు.

భద్రత మాటకొస్తే రింగు ఉన్న ఒపినెల్‌దే పైచేయి. స్పార్టన్ అలుగును ఆపేది స్ప్రింగు బిగువు మాత్రమే, మొనతో గట్టిగా పొడిస్తే వేళ్ల మీదికి మడుచుకోగలదు. పిల్లల చేతికి మొదటి చాకు ఇచ్చేటప్పుడు ఇది ఆలోచించాలి.

అయితే అదే రింగు ఒకచోట ఎదురు తిరుగుతుంది. బ్రిటన్‌లో ఉంటున్న మనవాళ్లు ఇది జాగ్రత్తగా చదవాలి. అక్కడి 1988 చట్టం ప్రకారం, తగిన కారణం చూపకుండా బహిరంగంగా వెంట ఉంచుకోదగ్గది మడత చాకు ఒక్కటే, అదీ కోసే అంచు మూడు అంగుళాలు మించకుండా ఉంటేనే. తెరిచాక లాకు పడే చాకు ఆ మినహాయింపులోకి రాదని కోర్టులు తేల్చాయి. కాబట్టి లండన్ వీధిలో స్పార్టన్ జేబులో ఉంటే చిక్కు లేదు, 8వ నంబరు ఒపినెల్ ఉంటే చిక్కే. ఒపినెల్ మీద మనసు చావకపోతే 5వ నంబరు చూడండి. దాని అలుగు ఆరు సెంటీమీటర్లే, రింగు లేదు. రింగు 6వ నంబరు నుంచి మొదలవుతుంది. ఇక విమానంలో చేతి సంచిలో రెండిటికీ చోటు లేదు. పెద్ద పెట్టెలో పెట్టి సరుకుతోపాటు పంపేయాలి. 2001 సెప్టెంబరు దాడుల తరువాత వచ్చిన ఈ కట్టడి వల్ల, విమానాశ్రయం దుకాణాల్లో కానుకలుగా అమ్ముడుపోయే స్విస్ చాకులకు పెద్ద దెబ్బే తగిలింది.

మిగతా పేర్లు కూడా వినబడతాయి. అమెరికా స్పైడర్కో అలుగుకు గుండ్రటి కన్నం ఉంటుంది, బొటనవేలితో ఒంటి చేత్తో తెరవవచ్చు. 1981 నుంచి చేస్తున్నారు, ఉక్కు గొప్పది, ధర ఇంకా గొప్పది. ఫ్రాన్సుదే మరొకటి లగియోల్, నడుము సన్నని అందగత్తె. కానీ అది ఒక సంస్థ పేరు కాదు, ఊరి పేరు మీద వచ్చిన చాకు తీరు. ఎవరెవరో చేస్తారు, మంచిదేదో నాసిదేదో కొనేవాడే తేల్చుకోవాలి. ఈ రెండూ నాకు ప్రస్తుతానికి వద్దు.

నా ఓటు ఒపినెల్‌కే, మూడు షరతులతో. వంటకూ పండ్లకూ తోటకూ అయితే అది. ప్రయాణంలో, ఆఫీసులో, మరలూ వైర్లూ సీసా మూతలూ ఎదురయ్యే చోట మొహమాటం లేకుండా విక్టోరినాక్స్. సముద్రం దగ్గర ఉన్నవారు ఒపినెల్ స్టెయిన్‌లెస్‌దే తీసుకోండి, కార్బన్ మీద మోజు పడకండి. చేతులు చిన్నవైతే 7, లేకపోతే 8. 12 చూడ్డానికి బాగుంటుంది కానీ అది పుచ్చకాయకు తప్ప దేనికీ కుదరదు, జేబులో అసలే కుదరదు.

కార్బన్‌దే కొంటానంటే మాత్రం, జామకాయ తిన్నాక చేతులు కడుక్కోవడానికి లేచే ముందు అలుగు తుడవండి.