సద్దుల బతుకమ్మకు నల్లగొండ: అమ్మ, నేను, బిడ్డ పోయొచ్చినం

మాది పాలమూరు వైపు, ఇప్పుడు ఉండేది హైదరాబాద్‌ల. అపార్ట్‌మెంట్ కింద డీజే పెట్టి గంటసేపు ఎగిరే బతుకమ్మ చూసి చూసి మా అమ్మకు విసుగొచ్చింది, వీధంతా కలిసి చెరువుదాక నడిచిపోయే బతుకమ్మ మల్ల ఎప్పుడు చూస్తనో అని పోయిన ఏడు ఒకటే అంటుండె. మా ఆఫీసుల పనిచేసే అక్కది నల్లగొండ, మా కాలనీకి రాండ్రి అని పిలిచింది. వాళ్ళింట్ల అప్పటికే చుట్టాలు నిండిపోయిన్రు కాబట్టి రాత్రి పడుకోనీకి లాడ్జి చూసుకుంటం అని చెప్పి ముగ్గురం బయల్దేరినం. ఒకటి ముందే చెప్తున్న, సద్దులు, అంటే ఆఖరి పెద్ద బతుకమ్మ, మామూలుగ తొమ్మిదో రోజే కానీ కొన్ని ఊళ్ళల్ల ఏడో రోజే చేస్తరు, మీరు పోయే ఊర్ల ఏ రోజో అడిగి పొండి.

ఎల్బీనగర్‌ల పొద్దుగాల ఎక్స్‌ప్రెస్ ఎక్కినం. నార్కట్‌పల్లి దాక విజయవాడ హైవే, అక్కడ తిరిగితే నల్లగొండ, మొత్తం 100 కిలోమీటర్ల లోపలనే ఉంటది. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం ఉంది కదా, ఆధార్ చూపిస్తే పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లల్ల ఆడోళ్ళకు జీరో టికెట్. బస్సు నిండ తల్లిగారింటికి పోయేటోళ్ళే, ఒళ్ళో పిల్లలు, కాళ్ళ దగ్గర పూల సంచులు. చౌటుప్పల్ దాక నేను నిలబడ్డ, అమ్మకు మాత్రం ఒక కాలేజీ పిల్ల లేచి సీటిచ్చింది. పండుగ రోజు ముసలోళ్ళతోని పోతే మాత్రం జర ముందే పోయి ఎక్కుండ్రి.

లాడ్జి సంగతి చెప్పాలె. ఫోన్ల రూమ్ ఉందన్నడు, రేటు కూడ చెప్పిండు, తీరా పోతే కౌంటర్ల పిల్లగాడు మా ముగ్గురిని చూసి "జెంట్స్ ఎవరూ లేరా మేడం" అని అడిగిండు. లేరు అన్న. లోపలికి పోయి ఎవరితోనో మాట్లాడొచ్చి రూమ్ ఖాళీ లేదన్నడు. ఇరవై నిమిషాలు నిలబెట్టి చెప్పిన మాట అది. మూడు ఆధార్ కార్డులు కౌంటర్ మీదనే ఉన్నయి, 62 ఏళ్ళ మనిషి బ్యాగు మీద కూసోని ఉన్నది. ఆడోళ్ళ పండుగకు వచ్చిన ఆడోళ్ళకే రూమ్ ఇయ్యకుంటే ఎట్ల అని అక్కడే గట్టిగ అడిగిన, జవాబు లేదు. ఆటో అన్న చూసి "అమ్మా, గడియారం సెంటర్ వైపు ఇంకోటుంది, ఆడామె నడుపుతది" అని తీసుకపోయిండు. అక్కడ ఏ ప్రశ్న లేదు, కార్డులు చూసి తాళం ఇచ్చింది, 1,200 నాన్ ఏసీ. వేడినీళ్ళు పొద్దున 8 దాకనే, బకెట్‌తోని ఇస్తరు, దుప్పట్లు పాతయి కానీ ఉతికినయి. తలుపుకు గడియ గట్టిగున్నది, నాకు అదే ముఖ్యం. పండుగ కదా, రాత్రి ఎంతసేపైనా గేటు తీస్త అన్నది, అన్నట్టే తీసింది. ఆడోళ్ళే పోయేటట్టయితే ఫోన్లనే "మేము ఆడోళ్ళమే వస్తున్నం, ఇస్తరా" అని అడిగి ఖాయం చేసుకోండి.

మధ్యాహ్నం అక్కోళ్ళింట్ల పూలు పేర్చినం. వాకిట్ల చాప మీద కుప్పలు కుప్పలుగ తంగేడు, గునుగు, బంతి, కట్లపూలు. గునుగు కాడలు ఒక్క తీరుగ కోసి దారంతోని కట్టలు కట్టి రంగునీళ్ళల్ల ముంచి ఆరబెడుతున్నరు. సిబ్బిల గుమ్మడాకు పరిచి మొదటి వరుస తంగేడు పెట్టిన్రు, ఒక్కొక్క వరుస పెట్టుకుంట లోపల ఆకులు తుంచి కూరాలె, వదులుగ ఉంటే నడిచేటప్పుడు పక్కకు వంగిపోతది. మా అమ్మ, అక్క వాళ్ళ అత్త పది నిమిషాలల్ల వదినా అంటే వదినా అనుకునుడు మొదలుపెట్టిన్రు. "మీ దిక్కు గిట్ల పేరుస్తరా వదినా" అని ఒకరు, "మా దిక్కు బంతి పైకి పెడ్తం" అని ఇంకొకరు. నా బిడ్డ చేతులు సాయంత్రానికి పసుపు, గులాబీ రంగులల్ల ఉన్నయి. పైన గుమ్మడి పువ్వు, తమలపాకుల పసుపు గౌరమ్మ పెట్టినంక చూస్తే బిడ్డ నడుము దాక వచ్చింది బతుకమ్మ.

చీకటి పడే యాళ్ళకు వీధి మొత్తం కదిలింది. ముందు డప్పులు, వెనక నెత్తి మీద బతుకమ్మలతోని ఆడోళ్ళు, రోడ్డుకు ఈ కొసనుంచి ఆ కొసదాక వాళ్ళే. బండ్లు పక్కకు ఆగినయి, మగోళ్ళు మంచినీళ్ళ బాటిళ్ళు పట్టుకోని అంచుల వెంట నడిచిన్రు. చౌరస్తా కాడ బతుకమ్మలు దించి ఆడుతుంటే పక్క నుంచి డీజే మోత, పాట ఎత్తిన ముసలామె గొంతు వినపడలే. ఆమె ఆపేసి ఊరికే నిలబడ్డది. కాలనీ పిల్లలు ఉరికిపోయి సౌండ్ బంద్ చేయించిన్రు, ఆమె మల్ల మొదటినుంచి ఎత్తుకున్నది, రెండు మూడు వందల మంది ఒక్కసారి ఉయ్యాలో అన్నరు. మా అమ్మ కండ్లల్ల నీళ్ళు. మల్లు స్వరాజ్యం పుట్టింది ఉమ్మడి నల్లగొండ జిల్లాలనే మరి, తెలంగాణ సాయుధ పోరాటం రోజులల్ల ఆమె ఉయ్యాల పాటలతోనే జనాన్ని కదిలించింది, 2022ల పోయేదాక ఆ గొంతు తగ్గలే. 2014ల రాష్ట్ర పండుగ అయింది గానీ అంతకుముందు నుంచే ఈ పాట ఇట్ల వీధులల్ల ఉన్నది.

చెరువు కాడ లైట్లు బాగ పెట్టిన్రు, బారికేడ్లు, గజఈతగాళ్ళు, లేడీ కానిస్టేబుళ్ళు ఉన్నరు, పిల్లలను మెట్ల దగ్గరికి పోనిస్తలేరు, అది మంచిగ అనిపించింది. బాత్రూముల దగ్గరనే బాధైంది. అంతమంది ఆడోళ్ళకు తెచ్చిపెట్టినయి రెండే, లోపల లైటు లేదు, ఒకదానికి గడియ లేదు. అరగంట లైన్ల నిలబడి నేను ఫోన్ లైటు పట్టుకుంటే బిడ్డ పోయొచ్చింది. ఏర్పాట్లు చేసేటోళ్ళు స్టేజీకి పెట్టిన ఖర్చుల కొంత దీనికి పెట్టాలె. మీరు ఇంటికాడనే పోయి బయల్దేరుండ్రి, చిన్న టార్చి దగ్గర పెట్టుకోండ్రి.

బతుకమ్మను నీళ్ళల్ల వదిలినంక గట్టు మీద సత్తుపిండి, మలీద పంచుకున్నరు. మమ్మల్ని ఎరగనోళ్ళు కూడ చెయ్యి పట్టుకోని వాయినం ఇచ్చిన్రు.

తెల్లారి ఆటో మాట్లాడుకోని పానగల్ పోయినం, దగ్గరనే, వెయిటింగ్‌తోని 300 తీసుకున్నడు. ఛాయా సోమేశ్వరాలయంల లింగం వెనక స్తంభం నీడ పొద్దంత కదలకుండ ఒక్కకాడనే పడ్తది, పూజారి చూపించినంక బిడ్డ అన్ని స్తంభాల పక్కన నిలబడి ఏ స్తంభం నీడో పట్టుకుందామని చూసింది, దొరకలే. కాలికింద రాళ్ళు ఎగుడుదిగుడు, ముసలోళ్ళను పట్టుకోని నడిపించాలె. పచ్చల సోమేశ్వరాలయం, పక్కన మ్యూజియం, ఉదయసముద్రం కట్ట అన్నీ అటే ఉన్నయి. కట్ట మీద నిలబడితే నీళ్ళ అంచుకు రాత్రి బతుకమ్మలు కొన్ని ఇంకా తేలుతున్నయి, గునుగు రంగు దిగి తెల్లగైంది, తంగేడు మాత్రం అట్లనే పచ్చగున్నది. అమ్మ దాన్నే చూసుకుంట కూసున్నది, ఆటో అన్న కూడ తొందర పెట్టలే.