నిలబడి రాసేవాళ్ల పుస్తకం: పైన స్పైరల్ ఉన్న రిపోర్టర్ నోట్‌బుక్

ఫోన్‌లో రికార్డింగ్ ఉండగా ఇంకా నోట్‌బుక్ ఎందుకని అడిగేవాళ్లు, డెడ్‌లైన్ ముంగిట గంటసేపటి ఆడియోలో ఒక్క వాక్యం కోసం వెతికి ఉండరు. రికార్డింగ్ సాక్ష్యానికి పనికొస్తుంది, వార్త రాయడానికి మాత్రం నోట్సే కావాలి.

ఈ పుస్తకం సాధారణంగా 4 అంగుళాల వెడల్పు, 8 అంగుళాల పొడవు ఉంటుంది. అరచేతిలో ఇమిడేది ఆ వెడల్పు వల్లే. స్పైరల్ పైన ఉంటుంది కాబట్టి ఎడమచేత్తో రాసేవాళ్లకూ తీగ అడ్డం రాదు.

కొనేటప్పుడు అందరూ కాగితం తడిమి చూస్తారు. చూడాల్సింది వెనక అట్టని. పుస్తకాన్ని కింది అంచున ఒక్క చేత్తో పట్టుకుని, పైభాగాన పెన్నుతో నొక్కండి. అట్ట వంగితే వదిలేయండి. జనం మధ్య నిలబడి రాసేటప్పుడు బల్ల అదే మరి. తర్వాత స్పైరల్. ఒంటి తీగ అయితే కొసలు లోపలికి మడిచి ఉండాలి, లేకపోతే జేబు గుడ్డకు పట్టుకుని తీగ సాగుతుంది. జంట తీగది పేజీలు చక్కగా తిప్పనిస్తుంది కానీ, సంచిలో నలిగి రింగులు చదునైతే పేజీ మధ్యలోనే ఇరుక్కుంటుంది. చింపుకోవడానికి చిల్లుల గీత ఉన్న రకం అసలే వద్దు. హడావుడిగా తిప్పితే కాగితం ఊడొస్తుంది. వార్త మీద వివాదం వచ్చినప్పుడు లేని పేజీ గురించే మొదట అడుగుతారు.

ముందు అన్ని కాగితాలకూ ఒకవైపే రాసుకుంటూ వెళ్లాలి. చివరికొచ్చాక పుస్తకాన్ని తలకిందులుగా తిప్పి, రెండో వైపు రాసుకుంటూ వెనక్కి రావాలి. మధ్యలో నిలువు గీత ఉన్న రకమైతే ఎడమవైపు మాటలు, కుడివైపు చూసినవి. మంచి మాట దొరకగానే పక్కన రికార్డర్‌లోని సమయం, 12:40 లాగా, వేసుకుంటే తర్వాత నేరుగా అక్కడికే వెళ్లొచ్చు. ఉన్నదున్నట్టు రాసిన మాటలకే కొటేషన్ గుర్తులు. సారాంశానికీ అవే పెడితే సాయంత్రానికి ఏది ఎవరి మాటో తేలదు.

గోడకు ఆనించి రాస్తే బాల్‌పెన్ కాసేపటికి ఆగిపోతుంది, సిరా మొనకు దిగాలి కదా. జెల్ పెన్ సిరా చినుకు పడితే అలుక్కుపోతుంది. పెన్సిల్‌కు ఈ రెండు ఇబ్బందులూ లేవు. మాటలను గుర్తులతో వేగంగా రాసే పిట్‌మన్ షార్ట్‌హ్యాండ్ వాడేవాళ్లకైతే అదే మేలు. అందులో గీత మందంగా ఉంటే ఒక శబ్దం, పల్చగా ఉంటే ఇంకొకటి. బాల్‌పెన్నుతో ఆ తేడా సరిగా పలకదు.

అట్ట మీద తేదీలు చాలు. సమాచారం ఇచ్చినవాళ్ల పేర్లు అక్కడే కాదు, గోప్యత మాట ఇచ్చి ఉంటే లోపల కూడా వద్దు. పుస్తకాలు పోతుంటాయి. నిండినవాటిని కనీసం పరువునష్టం దావాకు గడువు తీరేదాకా దాచాలి.

పెద్ద అక్షరాలు రాసేవాళ్లకు ఇది త్వరగా నిండిపోతుంది. డెస్క్‌లో కూర్చుని పనిచేసేవాళ్లకు మామూలు పెద్ద పుస్తకమే సుఖం.