బరంపురంలో భాష నేర్పేవాళ్ళ లైబ్రరీ: ప్రశ్న పట్టుకుని వెళ్ళండి

ఆంధ్ర సరిహద్దులో ఉన్న ఒడిశా ఊరు పర్లాకిమిడిలో మా ఇంటి ముందు గదిలోనే ట్యూషన్లు చెప్తాను, పదకొండేళ్ళుగా. పొద్దున తెలుగు ఇళ్ళ పిల్లలకి ఒడియా, సాయంత్రం ఒడియా ఇళ్ళ పిల్లలకి తెలుగు. ఆదివారం మాత్రం శ్రీకాకుళం వైపు నుంచి బదిలీ మీద వచ్చిన బ్యాంకు ఉద్యోగులు వస్తారు. వాళ్ళకి కౌంటర్ దగ్గర పని జరిగేంత ఒడియా చాలు.

ఈ లైబ్రరీ బరంపురంలో ఒక మేడ మీద ఉంది. రెండే గదులు. భాష నేర్పడానికీ, నేర్చుకోవడానికీ పనికొచ్చే పుస్తకాలు తప్ప ఇంకేమీ పెట్టరు. పేరు రాయడం లేదు. "రాస్తే పోటీ పరీక్షల పిల్లలొచ్చి ఫ్యాన్ కింద కుర్చీలన్నీ పట్టేస్తారమ్మా" అని లైబ్రేరియన్ గారు బతిమాలారు. ఆయన భయం నిజమే, ఆ కుర్చీలు ఉన్నవే ఆరు. మీరూ మాస్టార్లయితే అడగండి, దారి చెప్తాను.

నేను మొదటిసారి వెళ్ళింది ఒకే ఒక్క తప్పు పట్టుకుని. ఒడియా పిల్లలు ఎన్నాళ్ళు చెప్పినా "అమ్మ వచ్చాడు" అంటారు. నవ్వేవాళ్ళం, దిద్దేవాళ్ళం, మర్నాడు మళ్ళీ అదే. ఆ రోజు లైబ్రరీ గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే లోపల అటెండరు "సార్, మేడం వచ్చాడు" అని కేకేశాడు. సరైన చోటికే వచ్చాననుకున్నాను.

భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్ కలిసి రాసిన ఆధునిక తెలుగు వ్యాకరణం (1985) తీసిచ్చారు. ఇంగ్లీషు పుస్తకమే, నెమ్మదిగా చదువుకుంటే అర్థమవుతుంది. తెలుగు క్రియకి ఏకవచనంలో మగవాడు ఒక వైపు, మిగిలిన లోకమంతా ఇంకో వైపు. ఆడమనిషి, ఆవు, బస్సు, వాన, అన్నీ "వచ్చింది"లోనే. బహువచనానికి వచ్చేసరికి గీత జరుగుతుంది: మనుషులైతే "వచ్చారు", కానివైతే "వచ్చాయి". పుట్టినప్పట్నుంచీ మాట్లాడుతున్నా నేను దీన్ని ఇలా విడదీసి చూసుకోలేదు. ఒడియాలో ఈ గొడవే లేదు. అన్న అయినా చెల్లెలైనా "ఆసిలా", గౌరవం కావాలంటే "ఆసిలే". అంటే ఆ పిల్లలకి గౌరవం తెలుసు, లింగభేదమే కొత్త.

ఆ కుర్చీలోనే పాఠం తిరగరాసుకున్నాను. ఇప్పుడు "వచ్చారు" ముందు నేర్పుతున్నాను, "ఆసిలే" పక్కన పెట్టి. అమ్మ వచ్చారు, నాన్న వచ్చారు, మాస్టారు వచ్చారు. తప్పు పోవడానికి పది రోజులు కూడా పట్టలేదు. ఆ తర్వాత నెల్లాళ్ళు మా వీధిలో కుక్కలకి కూడా మర్యాద జరిగింది, "కుక్క వచ్చారు టీచర్" అని. సరే, అది దిద్దడం తేలిక.

రెండోసారి అంకెలతో వెళ్ళాను. మన పిల్లలకి ఒడియాలో ఇరవై ఎనిమిది దాకా ఎలాగో వస్తుంది, ఇరవై తొమ్మిది దగ్గర బోల్తా. "అణతిరిశ" అని చెప్తే 39 వేస్తారు. తిరిశ అంటే ముప్పై కదా, వాళ్ళ లెక్క వాళ్ళది. గోపాలచంద్ర ప్రహరాజ్ పూర్ణచంద్ర ఒడియా భాషాకోశం ఏడు సంపుటాలూ (1931–40) ఇక్కడ ఉన్నాయి. ఒక్కొక్కటీ ఒళ్ళో పెట్టుకుంటే తొడలు తిమ్మిరెక్కుతాయి. ఒడియా మాటకి ఇంగ్లీషు, హిందీ, బెంగాలీ అర్థాలు కూడా ఇచ్చారు, పక్కింటి తెలుగుకి మాత్రం చోటు దొరకలేదు. ఆ "అణ" మన "ఊన"మే, తక్కువ అని. ఒకటి తక్కువ ముప్పై. ఇప్పుడు బోర్డు మీద ముందు 30 వేసి ఒకటి కొట్టేస్తాను.

ఇంగ్లీషు బోధన అర కూడా దండిగానే ఉంది. అందులో ఎన్.ఎస్. ప్రభు పుస్తకం (1987) తప్ప మిగతావి నాకు ఎక్కలేదు. బెంగళూరు వైపు బడుల్లో వ్యాకరణం చెప్పకుండా, పిల్లల చేత పటాలు, టైమ్ టేబుళ్ళు చూసి లెక్క తేల్చే పనులు చేయించారట. నేను నౌపడ–గుణుపురం బండి టైమ్ టేబుల్ తెచ్చి బ్యాంకు వాళ్ళ చేత ఒడియాలో అడిగించాను: పాతపట్నంలో ఎప్పుడు, కాశీనగర్‌లో ఎప్పుడు? రెండు ఆదివారాలు బాగా నడిచింది. మూడో వారం అందరూ ఫోన్లో చూసేసుకున్నారు.

ఇక ఫిర్యాదులు. పుస్తకం ఇంటికివ్వరు, అది రిఫరెన్స్ లైబ్రరీ కాబట్టి ఒప్పుకుంటాను. కేటలాగ్ కార్డులే ప్రాణం తీస్తాయి. అన్నీ ఇంగ్లీషులో, పాత పుస్తకం అట్ట మీద ఏ స్పెల్లింగుంటే ఆ సొరుగులో. 1816 నాటి క్యాంప్‌బెల్ వ్యాకరణం పేరులో మనం "తెలూగూ"మి, ఆ పక్కనే "జెంటూ"లం కూడా (అప్పటి తెల్లవాళ్ళు తెలుగుకి పెట్టిన పేరు). అలా నా భాష మూడు సొరుగుల్లో పడి ఉంది. జిరాక్స్ మిషన్ నేను వెళ్ళినన్నిసార్లలో ఎక్కువసార్లు పని చేయలేదు. పేజీలు చేత్తో రాసుకుంటుంటే మధ్యాహ్నం ఒంటిగంటకి లేపేసి, రెండున్నర దాకా తాళం వేశారు.

అసలు బాధ తాళం బీరువాది. గిడుగు రామమూర్తి పంతులు గారి సవర–ఇంగ్లీషు నిఘంటువు (1938) అందులో ఉంది. సవర అంటే మా వైపు కొండల్లో గిరిజనుల భాష. ఆయన మా ఊళ్ళో బడిపంతులు. సవర నేర్చుకోవడానికి కొండలెక్కి, చలిజ్వరం తెచ్చుకుని, క్వినైన్ మింగి మింగి చెవులు పోగొట్టుకున్నారు. 1936లో మా ఊరు ఒడిశాలో కలిస్తే రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆ పుస్తకం చూడ్డానికి నేను మూడుసార్లు బస్సెక్కాను. మొదటిసారి తాళంచెవి ఉన్నాయన సెలవు. రెండోసారి ఆయన వచ్చారుగానీ చెవి ఇంట్లో ఉండిపోయింది.

మూడోసారి తెరిచారు. నా దగ్గర ఇద్దరు సవర పిల్లలున్నారు, గుమ్మా వైపు వాళ్ళు. వాళ్ళు సవరలో నీళ్ళు అనేటప్పుడు మాట గొంతులో ఠక్కున ఆగుతుంది. నేను తెలుగులో రాయబోతే ఏ అక్షరమూ సరిపడేది కాదు. ఈ నిఘంటువులో పంతులుగారు తెలుగు లిపితో కుస్తీ పట్టలేదు, రోమన్ అక్షరాలకి గుర్తులు పెట్టి రాశారు. ఆ గుర్తుల్ని నోట్‌బుక్కులో దించుకున్నాను. నేను ఆ మాట పలికితే పిల్లలు ఇంకా నవ్వుతూనే ఉన్నారు, ఇదివరకటి కంటే కాస్త తక్కువ.

అయిదుకి నాలుగు ఇస్తున్నాను, ఆ ఒకటీ బీరువా కింద కోత. ఏడాదికి మూడు వందలు కట్టాలి, రోజువారీ అయితే ఇరవై. పెన్సిలు తీసుకెళ్ళండి, లోపల పెన్ను తీయనివ్వరు. బీరువా పుస్తకం కావాలంటే ముందురోజు ఫోన్ చేసి తాళంచెవి సంగతి అడగండి. ఉందని చెప్తే, ఎవరి జేబులో ఉందో కూడా అడగండి.