ఇత్తడి గిటారా, చెక్క గిటారా: ఏడేళ్ల వాడకం తర్వాత

రెజొనేటర్ గిటార్, అంటే లోపలున్న కోన్ అనే పలచటి గరాటు లాంటి రేకు తీగల మోతను పెంచే గిటార్, కొనాలనుకునేవాళ్లు నన్నడిగేది ఒకటే. ఇత్తడి ఒళ్లున్న బిస్కెట్ కోన్ రకమా, చెక్క ఒళ్లున్న స్పైడర్ కోన్ రకమా? తీగల ఊపును కోన్‌కు అందించేది మొదటిదాంట్లో బిస్కెట్ అనే చిన్న చెక్క బిళ్ల, రెండోదాంట్లో సాలీడు కాళ్లలా చాచిన లోహపు బ్రిడ్జి. రెండూ నా దగ్గరున్నాయి. ఇత్తడిది 2018లో కొత్తది కొన్నాను, చెక్కది 2021లో సెకండ్‌హ్యాండ్. మొదట్లో అడిగిన ప్రతివాళ్లకూ ఇత్తడిదే కొనమని ఢంకా బజాయించి చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. దాని ఒంటి మీదున్న రెండు చిల్లులే కారణం.

అది కావలిలో మా ఇంటికొచ్చిన రోజు అమ్మ చూసి, "ఏందిరా ఇది, బిందెకు తీగలు కట్టినారు?" అంది. పైన నికెల్ పూత ఉంటుందమ్మా అంటే వినదు. నా చేతి చెమటకు పూత పోయినచోట పచ్చగా కనబడితే చాలు, చింతపండు తెస్తానంటుంది.

మోత మాత్రం మోతే. వేలికి తొడిగే స్లయిడ్ గొట్టం పెట్టి లాగితే వీధి చివరికి వినబడుతుంది. ఆంప్లిఫయర్లు లేని రోజుల్లో, 1920లలో, బ్యాండు హోరులో గిటార్ వినబడాలనే కదా వీటిని కనిపెట్టింది. కరెంటు మీద నమ్మకం లేని మా ఊరికి ఇంతకన్నా సరైన వాయిద్యం లేదని గొప్పలు పోయేవాణ్ని.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చింది. కరెంటు లేదు, ఇంటినిండా చుట్టాలు. చీకట్లో మామయ్య "ఆ బిందె తియ్యరా, ఏదన్నా వాయించు" అన్నాడు. మూడు నెలలుగా గోడకు వేలాడుతున్నదాన్ని తీసి శ్రుతి చేసి మీటితే, రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు గలగల. లావు తీగ గొంతే విప్పలేదు. ఆ రాత్రి చెక్కదానితో నెట్టుకొచ్చాను. దాని గొంతు కాస్త ముక్కుతో పాడినట్టుంటుంది, ఆ వాన హోరులో ఎదురుగా కూర్చున్నవాళ్లకు తప్ప వినబడలేదు.

సంక్రాంతి వెళ్లాక ఇత్తడిదాన్ని పినాకిని రైల్లో చెన్నై తీసుకెళ్లాను. అక్కడ రిపేరు చేసేవాడు మూత విప్పనైనా విప్పలేదు. రెండుసార్లు వేలితో తట్టి, "కోన్ పోయింది సార్, బయటి దేశం నుంచి తెప్పించాలి" అన్నాడు. చెప్పిన రేటు నేను గిటార్ కొన్న ధరలో మూడో వంతు. వెనక్కి తెచ్చేశాను. తెలివితో కాదు, జేబులో అంత లేక.

ఆదివారం తీగలు వదులు చేసి, స్క్రూలన్నీ తీసి మూత ఎత్తాను. కోన్‌ని అంచు పట్టుకుని తిరగేస్తే లోపలివైపు మూడు మట్టి గూళ్లు! కుమ్మరి పురుగు. ఎఫ్ ఆకారపు చిల్లుల్లోంచి దూరి కాపురం పెట్టింది. ఒక గూడు విరిగి ఆ పెంకులే గలగలమంటున్నాయి. పిల్లల తిండికని అది తెచ్చి దాచిన సాలీళ్లు కూడా ఎండిపోయి ఉన్నాయి. స్పైడర్ బ్రిడ్జి ఉండేది చెక్కదాంట్లో, సాలీళ్లు దొరికింది ఇత్తడిదాంట్లో.

గోకితే పనయిపోతుంది, ఆ కోన్ పలచటి అల్యూమినియం. తడిగుడ్డ పరిచి గంట నాననిచ్చి వేళ్లతో తీశాను. తిరిగి బిగించేటప్పుడు బిస్కెట్ ఒక పిసరు పక్కకు తిరిగింది. పన్నెండో మెట్టు దగ్గర శ్రుతి తేడా కొట్టింది. మళ్లీ విప్పి సరిచేసేసరికి పొద్దుగూకింది. పాత గొంతు మాత్రం పూర్తిగా వచ్చింది. పక్కింటాయన గోడ అవతల నుంచి "వచ్చిందా?" అని అడిగాడు.

నా చెక్కదానికి గుండ్రటి చిల్లులు, వాటికి జాలీలున్నాయి. ఇన్నేళ్లలో దాంట్లో పురుగు దూరలేదు. అలాగని అదేం బంగారం కాదు. వానాకాలం మెడ కొంచెం వంగి తీగలు పైకి లేస్తాయి. స్పైడర్ మధ్య స్క్రూ వదులైతే అదీ జర్రుమంటుంది, కాకపోతే అది స్క్రూడ్రైవర్‌తో పోయే జబ్బు.

వాయించగానే పెట్టెలో పెట్టి మూసే అలవాటుంటే ఇత్తడిదే కొనండి. నాలాగా గోడకు తగిలించి, కిటికీలు తెరిచి పడుకునేవాళ్లయితే చెక్కది చూడండి. ఇత్తడిది బరువు కూడా, గంటసేపు ఒళ్లో పెట్టుకుంటే నా మోకాళ్లు ఊరుకోవడం లేదు. అయినా అమ్మబుద్ధి కాలేదు. చిల్లులకు లోపలివైపు దోమతెర ముక్కలు అంటించాను. శబ్దం తగ్గిందేమో నా చెవికైతే తెలియలేదు. ఇంట్లో ఉన్న దోమతెర ఆకుపచ్చది, అందుకని కొంచెం అసహ్యంగానే ఉంది.