కమెన్స్ అనాలా, స్టార్ట్ అనాలా?

రెండింటికీ అర్థం మొదలవడమే. తేడా అంతా సందర్భంలో ఉంది.

స్టార్ట్: బండి, గొడవ, వాన, ఉద్యోగం, దేనికైనా సరిపోతుంది.

కమెన్స్: ఫ్రెంచి నుంచి వచ్చిన మాట. పరీక్ష, విచారణ, నిర్మాణ పనులు లాంటివాటికి నప్పుతుంది. 'ద ఎగ్జామ్ విల్ కమెన్స్ ఎట్ టెన్' బాగుంటుంది. 'ఐ కమెన్స్‌డ్ మై బైక్' మాత్రం తప్పు. కమెన్స్ అన్న మాట తర్వాత 'టు వర్క్' కంటే 'వర్కింగ్' అనడమే మేలు. స్పెల్లింగులో ఎమ్‌లు రెండు, ఒకటి వదిలేయకండి.

మన చట్టాల మొదటి సెక్షన్‌లో 'కమెన్స్‌మెంట్' అంటే అమల్లోకి రావడం. అమెరికా కాలేజీల్లో అదే మాటకు పట్టాలిచ్చే వేడుక అని అర్థం!

నోటీసో, ఒప్పందమో రాస్తుంటే కమెన్స్ వాడండి. ఇంటర్వ్యూలో మాత్రం టెన్షన్ పడకుండా స్టార్ట్ అనేయండి, అదే సహజంగా వినిపిస్తుంది.