ఈఏపీసెట్ ఆప్షన్లు పెట్టించే నెట్ సెంటర్, గంటస్తంభం దగ్గర, విజయనగరం

విజయనగరం గంటస్తంభానికి దగ్గర్లో ఒక సందులో, బయటికి మామూలు జిరాక్స్ షాపులా కనిపించే నెట్ సెంటర్ ఇది. ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ ర్యాంకులొచ్చాక జరిగే కౌన్సెలింగ్ రోజుల్లో వెబ్ ఆప్షన్లు, అంటే మనకు కావాల్సిన కాలేజీలు, బ్రాంచీల వరుస, ఆన్‌లైన్‌లో పెట్టిస్తారు. తీసుకునేది 200 రూపాయలు. మా మేనకోడలికి అక్కడే పెట్టించాం. పిల్లల్ని తీసుకుని కౌన్సెలింగ్‌కి తిరగబోయే మన జిల్లాల వాళ్లందరికీ ఈ షాపు గురించి చెప్పాలనిపించింది.

పాపది గొప్ప ర్యాంకు కాదు, తీసిపారేసేదీ కాదు. అలాంటి ర్యాంకు వచ్చినప్పుడే టెన్షన్ ఎక్కువ. షాపాయన ర్యాంకు కార్డు, కులం సర్టిఫికెట్ చూసి, కిందటేడు చివరి ర్యాంకుల జాబితా తెరిచి, స్క్రీన్ పాప వైపు తిప్పారు. "నీ గడి ఏదో నువ్వే వెతుకమ్మా" అన్నారు. ఆ జాబితాలో ఒక్కో కాలేజీ, ఒక్కో బ్రాంచీకి కులాల వారీగా, మళ్లీ అబ్బాయిలకీ అమ్మాయిలకీ వేరువేరుగా గడులుంటాయి. మా పాప చూడాల్సింది బీసీ-డీ గర్ల్స్. చాలామంది తల్లిదండ్రులు మొదట్లో కనిపించే ఓసీ బాయ్స్ అంకె చూసి, ఇక మనకు రాదని మంచి కాలేజీలు వదిలేస్తున్నారట. ఆంధ్రా యూనివర్సిటీ (ఏయూ) పరిధిలో చదివిన పిల్లలకు ఇక్కడి సీట్లలో 85 శాతం స్థానిక కోటాగా ఉంటాయని, అమ్మాయిలకు మూడో వంతు రిజర్వేషన్ ఉందని ఆయన విడమరిచి చెప్పారు.

"ఒక్క ఏడాది అంకె నమ్మొద్దు మాస్టారూ. కంప్యూటర్స్ సీట్లు పెరిగిన ఏడు చివరి ర్యాంకు చాలా దూరం పోతుంది" అని అంతకుముందు ఏడాదివీ తీయించారు. పాప ఒక తెల్లకాగితం మీద పెన్సిల్‌తో మూడు వరుసలు రాసింది: రావడం కష్టం, రావచ్చు, ఖాయంగా వస్తుంది. లాగిన్ ఇంకా తెరవనేలేదు.

వరుస ఎలా పెట్టాలో చెప్పిన మాట నాకు బాగా నచ్చింది. కంప్యూటర్ మొదటి ఆప్షన్ నుంచి కిందికి చూసుకుంటూ వస్తుంది, మన ర్యాంకుకు ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ ఆగిపోతుంది. కాబట్టి రావడం కష్టమనుకున్నది పైన పెడితే పోయేదేమీ లేదు. చేరడం ఇష్టం లేని కాలేజీని పైన పెడితేనే ప్రమాదం. రెండో విడతలో పై ఆప్షన్ వస్తే మొదటి సీటు దానంతటదే రద్దవుతుంది, అది కూడా గుర్తుపెట్టుకోమన్నారు.

అంతా అయ్యాక, "వీటిలో ఎన్ని చూసొచ్చారు?" అని అడిగారు. ఒక్కటీ చూడలేదు. "ఆప్షన్లకి ఇంకా గడువుంది. కనీసం పైన రాసినవైనా చూసి రండి. పాప ఉండాల్సింది అక్కడ నాలుగేళ్లు" అని పంపేశారు. డబ్బులిచ్చే గిరాకీని తిప్పి పంపించే షాపు ఎక్కడుంటుంది చెప్పండి! కాలేజీలో ఏమేం కనుక్కోవాలో రాసిన ఒక కాగితం కూడా చేతిలో పెట్టారు. హాస్టల్ ఉన్నది కాలేజీ లోపలా, బయటా, సాయంత్రం చివరి బస్సు ఎన్నింటికి, లైబ్రరీ ఎంతసేపు తెరుస్తారు, ల్యాబ్‌లో ఒక్కో మెషీన్‌కి ఎంతమంది పిల్లలు, వార్డెన్ రాత్రి అక్కడే ఉంటారా. ఆదివారం కాదు, క్లాసులు జరిగే రోజు వెళ్లమన్నారు.

ముందు ద్వారపూడిలోని జేఎన్‌టీయూ గురజాడ యూనివర్సిటీకి వెళ్లాం. 2007లో కాలేజీగా మొదలై 2022లో యూనివర్సిటీ అయింది. విశాలమైన ఆవరణ. క్యాంటీన్ దగ్గర మూడో సంవత్సరం చదివే సాలూరు అమ్మాయి ఒకామె మా పాపను పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడింది. మెటలర్జీ (లోహాల ఇంజినీరింగ్) బ్రాంచీ ఉందని, అందులో సీటు కాస్త తేలిగ్గా వస్తుందని ఆమే చెప్పింది. గరివిడి ఫెర్రో అల్లాయిస్ ఉన్న జిల్లాలో, పక్కనే విశాఖ ఉక్కు పెట్టుకుని, ఆ బ్రాంచీ మా ఆలోచనలోకే రాలేదు.

తర్వాత హైవే పక్కన ఒక ప్రైవేటు కాలేజీ. పేరు రాయను. ఏసీ సెమినార్ హాలు చూపించారు, హాస్టల్ మెస్ చూపించమంటే ఇప్పుడు టైం కాదన్నారు. గేటు దగ్గర ప్లేస్‌మెంట్ల ఫ్లెక్సీ ముందు పాప ఆగిపోయింది. "మావయ్యా, ఈ అక్క ఫోటో మూడుసార్లు ఉంది చూడు" అంది. నిజమే, మూడు కంపెనీల కింద ఒకే ముఖం. ఆఫర్ల లెక్క వేరు, ఉద్యోగాలొచ్చిన పిల్లల లెక్క వేరు. ఆఫీసులో కూర్చున్నాయన బీ కేటగిరీలో, అంటే మేనేజ్‌మెంట్ కోటాలో, ఇప్పుడే కొంత కట్టేయమని ఒకటే ఒత్తిడి. షాపాయనకు ఫోన్ చేస్తే, "కౌన్సెలింగ్‌లో ఇచ్చే కన్వీనర్ కోటా సీటు తేలకుండా ఒక్క రూపాయి కట్టకండి. బీ కేటగిరీకి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు" అన్నారు. ఆ ఒక్క ఫోన్‌తో మా చెల్లెలి ఇంటికి పెద్ద అప్పు తప్పింది.

తిరిగొచ్చాక పాప పెన్సిల్ కాగితం తిరగరాసింది. ప్రైవేటులో సీఎస్ఈ (కంప్యూటర్స్) కన్నా యూనివర్సిటీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) పైకి వెళ్లింది, దాని కిందే మెటలర్జీ. నాకు సీఎస్ఈ మీదే మనసు, కానీ హాస్టల్లో ఉండేది తను. మళ్లీ షాపుకెళ్తే, పాస్‌వర్డ్ తనచేతే కొట్టించి షాపాయన తల పక్కకు తిప్పుకున్నారు. ఓటీపీ పాప నంబరుకే వచ్చేలా ముందే చూసుకున్నారు. సేవ్ చేసిన జాబితా ప్రింట్ తీసి, ఒక్కో లైను చదివించి, తప్పులేదని నిర్ధారించుకున్నాకే డబ్బులు తీసుకున్నారు.

మొదటి విడతలోనే యూనివర్సిటీ ఈసీఈ వచ్చింది. రెండో విడతలో మళ్లీ పెట్టాలా అని ఫోన్‌లో అడిగితే, "సీటు నచ్చితే ఏమీ ముట్టుకోకండి, ఉన్నది ఉంటుంది" అన్నారు. దానికి పైసా అడగలేదు.

ఇంజినీరింగే కాదు, మేం కూర్చున్నప్పుడు కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయానికి సీయూఈటీ (సెంట్రల్ యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష) ఫారం నింపించుకోవడానికి ఒక కుర్రాడు, పదో తరగతి మార్కులతో ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీకి అప్లై చేయడానికి పొందూరు నుంచి ఒక తండ్రీ వచ్చారు. వాళ్లకీ అంతే ఓపిక.

లోపాలూ ఉన్నాయి. కూర్చోవడానికి రెండే కుర్చీలు, పెద్దవాళ్లు నిలబడాల్సిందే. కరెంటు పోతే కంప్యూటర్‌కి ఇన్వర్టర్ ఉంది గానీ ప్రింటర్‌కి లేదు. గడువు చివరి రోజు సందు మొదటి దాకా జనం, ఆ రోజు ఆయన ఎంత మంచివారైనా ఒక్కొక్కరితో అంతసేపు కూర్చోలేరు. ఆప్షన్లు తెరిచిన మొదటి రెండు రోజుల్లో, ఉదయం పూట వెళ్లండి. ర్యాంకు కార్డు, హాల్ టికెట్, కులం, ఆదాయం సర్టిఫికెట్లతో పాటు రిజిస్టర్ చేసిన ఫోన్ తప్పకుండా తీసుకెళ్లండి. అన్నిటికన్నా ముందు, చదవబోయే పిల్లనో పిల్లాడినో వెంటబెట్టుకుని వెళ్లండి. వాళ్లు రాకపోతే ఆయన కంప్యూటర్ కూడా ఆన్ చేయరు.